దేలీ తల తడిసిన రోజు

సముద్రం ఒడ్డునున్న మా ప్లాటఫోర్మా పేటలో వాన తొలి చినుకు పడిందని తెలియడానికి ఆకాశం చూడక్కర్లేదు. దేలీ కేక వింటే చాలు.

"ఒసేయ్ రోసా! తల కప్పుకోవే! నిన్ననేగా దువ్వి పంపాను!"

ఆ కేక వినపడగానే నేను కొట్టు ముందు ఆరేసిన గుడ్డలు తీసేసేదాన్ని. రేడియోలో వాతావరణం చెప్పేవాళ్ళకంటే దేలీయే నయం.

ఆవిడ అసలు పేరు వల్దెలీసి. ఆ పేరుతో పిలిచేది చర్చి పాదిరీగారొక్కరే. నా కిరాణా కొట్టు పైనున్న గదిలోనే ఆవిడ కాపురమూ, దుకాణమూ. జుట్టు సాపు చేయడం ఆవిడ పని. చెక్క పిడి ఉన్న ఇనుప దువ్వెనను గ్యాసు పొయ్యి మీద వేడి చేస్తుంది. ముందు పాత గుడ్డ మీద ఆనించి చూస్తుంది. గుడ్డ మాడకపోతే అప్పుడు తల మీద పెడుతుంది. మా నల్లజాతి ఆడవాళ్ళ జుట్టు సంగతి తెలిసిందే కదా, ఉంగరాలు ఉంగరాలుగా ముడుచుకుని వేలు దూరనివ్వదు. దేలీ చేతిలో పడితే మాత్రం ఆ జుట్టే బుద్ధిగా సాగి, నూనె మెరుపుతో వీపు మీద వాలుతుంది. ఒక్క నీటి చుక్క తగిలిందా, మళ్ళీ ఎప్పటిలాగే ముడుచుకుని లేచి కూర్చుంటుంది. అందుకే దేలీకి వానంటే కోపం. సముద్రపు అలలంటే కోపం. కార్నివాల్ పండగలో నీళ్ళ తుపాకులు పట్టుకు తిరిగే పిల్లలంటే మరీ కోపం.

మా పేటలో పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు అన్నీ ఆ దువ్వెన కిందనుంచే నడిచాయి. అన్నిటికంటే ముఖ్యం ఉద్యోగాలు. 'అమ్మాయి చూడ్డానికి బాగుండాలి' అని పేపర్లో ప్రకటనలు వేసేవాళ్ళు. ఆ మాటకు అర్థమేమిటో మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ప్రకటన చింపి పట్టుకుని నేరుగా దేలీ మెట్లెక్కేవాళ్ళు. కిందికి దిగేసరికి కొంచెం సాపు జుట్టు, కొంచెం తెల్ల పౌడరు, బోలెడంత ఆశ.

నేను మాత్రం ఒక్కసారి చెవి కాల్చుకుని, ఇక చాలు తల్లీ అని దణ్ణం పెట్టి, జుట్టు పొట్టిగా కత్తిరించేసుకున్నాను. అప్పట్నుంచి ఆవిడ నోట నా పేరు మరినాల్వా కాదు, బోడిగుండు.

నీళ్ళంటే ఆ కోపం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. మేమిద్దరం ఒక బళ్ళోనే చదివాం. దేలీ నాన్న చేపలు పట్టేవాడు, అమ్మ బురదలో దిగి గుల్లలు ఏరేది. టీచర్లను తయారుచేసే బడి ఒకటి అవతలి ఒడ్డున, నగరంలో ఉండేది. పద్నాలుగేళ్ళ దేలీ దానికి పరీక్ష రాసి, మా అందరికంటే మంచి మార్కులు తెచ్చుకుంది. ఇంకేం, సీటు వచ్చినట్టే అనుకున్నాం. ఒక్కటే మిగిలింది. పిల్లను ఒకసారి చూడాలి, తీసుకురండి అని ఆ బడి పెద్దమ్మగారు కబురు పెట్టారు. చూడాలి అన్నారు కదా అని వాళ్ళమ్మ ఫోర్కు కాల్చి కూతురి జుట్టు మొదటిసారి సాపు చేసింది. పడవలో రేవు దాటుతుంటే అల ఒకటి లేచి పిల్ల నెత్తిన పడింది. అక్కడికి చేరేసరికి జుట్టు మళ్ళీ మామూలే. పెద్దమ్మగారు తల నుంచి కాలిదాకా చూసి, సీట్లు నిండిపోయాయి తల్లీ అన్నారు. తర్వాతి వారం ఒక పెద్ద బట్టల షాపు యజమాని కూతురు, దేలీకంటే తక్కువ మార్కులతో, ఆ సీట్లో కూర్చుంది.

"అది అల తప్పు కాదే," అని ఎన్నిసార్లు చెప్పానో. "ఆవిడ చూసింది నీ జుట్టొక్కటేనా? మీ అమ్మ గోళ్ళల్లో బురద చూసింది. నీ చెప్పులు చూసింది. మీ నాన్న ఎవరో ఆవిడకు తెలీదు, ఆ షాపాయన తెలుసు."

"పోవే బోడిగుండూ. ఆ అల లేకపోయుంటే నేనీపాటికి హెడ్మిస్ట్రెస్సుని."

అంతే. ఆ రోజు నుంచి దేలీ సముద్రంలో దిగలేదు. కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రమే. తల మీద మూడు చుట్లు గుడ్డ కట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చునేది. ఆవిడ మొండితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది, జాలీ వేసేది.

ఇక తైనారా. దేలీ మనవరాలు. తల్లి రోజిమేరి నగరంలో సముద్రం వైపు మేడల్లో ఒకింట్లో వంట చేస్తూ అక్కడే పడుకుంటుంది, ఆదివారాలు మాత్రం వస్తుంది. కాబట్టి తైనారాను పెంచింది అమ్మమ్మే. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. దాని మీదే క్రీములు, దాని మీదే అన్నం, దాని మీదే పిల్ల చదువు. పిల్లకు మొదట చదవడానికి దొరికినవి కూడా ఆ క్రీము డబ్బాల వెనక అచ్చేసిన చిన్న అక్షరాలే.

"అమ్మమ్మా, ఇందులో ఏముందో తెలుసా? బట్టల సోడా లాంటిది. అందుకే నెత్తి మండుతోంది."

"మండితేనే పనిచేస్తున్నట్టు. నోర్మూసుకుని తువ్వాలందుకో."

అలా అలా ఆ పిల్లకు రసాయనశాస్త్రం పిచ్చి పట్టింది. తల్లి పనిచేసే ఇంటి కుర్రాడు నెలనెలా బోలెడు డబ్బు కట్టి కోచింగుకి వెళ్ళేవాడు. పరీక్ష గట్టెక్కాక ఆ పుస్తకాలన్నీ చెత్తబుట్ట పక్కన పెట్టాడు. రోజిమేరి వాటిని ఆదివారం సంచిలో, కూరగాయల కింద పెట్టి మోసుకొచ్చింది. సగం పేజీల్లో బొమ్మలూ, అమ్మాయిల పేర్లూ. మిగతా సగం గీత పడకుండా, ముట్టుకోకుండా ఉన్నాయి. తైనారా అవన్నీ నమిలి మింగింది. శనివారాల్లో పేట సంఘం హాల్లో ఎరివెల్తో మాస్టారు ఉచితంగా పాఠాలు చెప్పేవారు. పగలు బస్సుల డిపోలో ఉద్యోగం, శనివారం మా పిల్లలతో గొడవ.

పరీక్ష దగ్గరపడ్డాక దేలీ గది చూసి తీరాలి. ఒకామె తల వంచి దువ్వించుకుంటూ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ప్రశ్న చదువుతుంది, పిల్ల పొయ్యి దగ్గర్నుంచి జవాబు చెబుతుంది. తప్పయితే గదిలో ఉన్న ఆడవాళ్ళంతా 'ఓ...' అని ఎద్దేవా. రోసాకు ఇప్పటికీ మూలకాల పేర్లు వరసగా వచ్చు, చేపల బేరం ఆడుతూ చెప్పేస్తుంది.

పిల్ల పరీక్షలో గెలిచింది. సర్కారు నడిపే ఫెడరల్ యూనివర్సిటీలో రసాయనశాస్త్రం, ఫీజు లేని చదువు. సర్కారు బడుల్లో చదివిన పేదింటి నల్ల పిల్లలకు విడిగా పెట్టిన సీట్లలో ఆమెకొకటి. కానీ ఇక్కడో మెలిక ఉంది. పాలలాంటి తెల్ల పిల్లలు కొందరు 'మేమూ నల్లవాళ్ళమే' అని రాసి ఆ సీట్లు ఎగరేసుకుపోయేవాళ్ళట. అందుకని ఇప్పుడు ఒక కమిటీ కూర్చుని ప్రతి పిల్లనూ కళ్ళతో చూస్తుంది. వాళ్ళు చూసి అవునంటేనే సీటు. కాదంటే ఇంటికే.

ఈ సంగతి తైనారా అమ్మమ్మకు చెప్పింది. మొత్తం చెప్పిందనే అంటుంది. దేలీ చెవిన పడింది మాత్రం ఒక్క ముక్క. పరీక్ష పాసైంది, ఇక పిల్లను ఒకసారి చూస్తారట.

ఆ ముక్క విని దేలీ ముఖం పాలిపోయింది. తర్వాత పెదవి బిగించింది. ఈసారి అల కాదు కదా, తుఫానొచ్చినా ఏమీ చేయలేదని నాతో అంది. అప్పటికి నాకూ ఆ కమిటీ సంగతి సరిగా తెలియదు, తెలిస్తే ఊరుకునేదాన్నా?

కమిటీ ముందుకు వెళ్ళాల్సింది శుక్రవారం. మా ఊరంతా దేవుడి పేర తెల్లబట్టలు కట్టే రోజు. పడవ రేవు దగ్గర వాళ్ళిద్దర్నీ కొట్లోంచి చూసి నేను నవ్వాపుకోలేకపోయాను. తైనారా తల మీద ప్లాస్టిక్ టోపీ, దాని మీద గుడ్డ, దాని మీద ఇంకో గుడ్డ. దేలీ చేతిలో గొడుగు. కొట్టుకి తాళం వేసి నేనూ వెంటపడ్డాను, ఈ వినోదం ఎలా వదులుకోను?

పడవెక్కగానే దేలీ మనవరాలిని సరిగ్గా మధ్య బల్ల మీద కూర్చోబెట్టి, గొడుగు విప్పి సముద్రం వైపు అడ్డం పెట్టింది.

"దేలమ్మా, వాన పైనుంచి పడుతుంది, పక్కనుంచి కాదు," అన్నాడు పడవ నడిపే జూకా.

"నీ పని నువ్వు చూసుకో. అలలు రాని దారిలో పోనీ."

"అలలు రాని దారి రోడ్డు. బస్సెక్కాల్సింది."

అప్పుడే ఎరివెల్తో మాస్టారు పరుగున వచ్చి ఎక్కారు. తైనారా పక్కనుంచే దాటిపోయి, నా దగ్గరికొచ్చి, "పిల్లేదీ? రాలేదా?" అన్నారు కంగారుగా.

"నేనిక్కడే ఉన్నాను మాస్టారూ," అంది తైనారా.

ఆయన వెనక్కి తిరిగి నోరు తెరిచారు. దేలీకి అది మెచ్చుకోలులా తోచింది. గర్వంగా గుడ్డలూ టోపీ తీసి చూపించింది. నిజం చెప్పాలంటే అంత నాజూకు పని ఆవిడ జన్మలో చేయలేదు. జుట్టు నున్నగా భుజాల కిందకి జారింది. ముఖానికి రెండు పూతల పౌడరు. ముక్కు సన్నగా కనిపించడానికి పక్కలకు ఏదో ముదురు రంగు కూడా రాసింది.

"ఎలా ఉంది మాస్టారూ? టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా లేదూ?"

మాస్టారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "ఏం చేశావు దేలమ్మా! ఇవాళ వాళ్ళు చూసేదే అది!"

"అందుకేగా చేసింది!"

"అది కాదమ్మా. పిల్ల నల్లపిల్లేనా, కాదా అని చూస్తారు. జుట్టు, ముక్కు, రంగు. అవి చూసి అవునంటేనే సీటు. నువ్వు సరిగ్గా ఆ మూడూ దాచేశావు!"

అప్పటికి పడవ రేవు వదిలి చాలా దూరం వచ్చేసింది. దేలీ గొడుగు దించింది.

"నల్లగా ఉందో లేదో చూడ్డానికి పిలిచారా?"

"అవునమ్మా."

"నల్లగా ఉంటే... పొమ్మనరా?"

"పొమ్మనరు. రమ్మంటారు."

"నల్లగా ఉంటే రమ్మంటారా?" అని మళ్ళీ అడిగింది. మూడోసారి నా వైపు తిరిగి అడిగింది, మాస్టారు అబద్ధమాడినా నేనాడనన్నట్టు. తలూపాను.

దేలీ మనవరాలి వైపు చూసింది. "నీకు తెలుసా?"

"తెలుసమ్మమ్మా."

"తెలిసీ తెల్లారకముందే లేచి నా ముందు తల పెట్టావా?"

తైనారా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు పాట పాడుకుంటూ దువ్వుతున్నావు. అంత సంతోషంగా నిన్నెప్పుడూ చూళ్ళేదు. వద్దని ఎలా అనను? అక్కడికెళ్ళాక బాత్రూములో కడిగేసుకుందామనుకున్నా."

"సర్కారు బాత్రూముల్లో నీళ్ళొస్తాయని ఎవరు చెప్పారే పిచ్చిమొహమా!" అని కసిరింది దేలీ. కసురుతూనే మనవరాలి చెంప నిమిరింది, పౌడరు వేళ్ళకంటుకుంది. ఆ వేళ్ళకేసి చూసుకుంది. ఏమవుతుందోనని నాకు భయం వేసింది.

"జూకా, నీ డబ్బా ఇటివ్వు."

"ఏ డబ్బా?"

"పడవలోకి వచ్చిన నీళ్ళు తోడిపోస్తావే, ఆ డబ్బా!"

డబ్బా చేతికి రాగానే దేలీ పడవ అంచు మీదికి వంగింది. ఎన్నేళ్ళుగానో వీపు పెట్టి కూర్చున్న సముద్రంలోకి మోచేతిదాకా చెయ్యి ముంచింది. నిండుగా తోడి, తిరిగి, తను చేసిన ఆ నాజూకు పని మీద గుమ్మరించింది.

తైనారా కెవ్వుమంది. దేలీ ఆగలేదు. ఇంకో డబ్బా. ఇంకోటి. వేళ్ళు జుట్టులో దూర్చి, మొదళ్ళదాకా రుద్దింది. "లే, లేవే, లే!" అని జుట్టుతోనే మాట్లాడింది. జుట్టు ఆవిడ మాట విన్నట్టే లేచింది. ముందు నుదురు దగ్గర, తర్వాత చెవుల పక్కన, ఆ తర్వాత తలంతా. పౌడరు కారి తెల్ల జాకెట్టు మీద మరకలు పడ్డాయి. పడవలో వాళ్ళంతా చప్పట్లు కొడుతూ అదుపు లేకుండా అరుస్తున్నారు.

"ఇంకోటి పొయ్యి దేలమ్మా! ఎడం వైపు ఇంకా లేవలేదు!"

కొండ మీది చర్చికి వెళ్తున్న ఒక ముసలమ్మ, అక్కడ చల్లడానికి తెచ్చుకున్న లావెండర్ పరిమళపు నీళ్ళ సీసా మూత తీసి పిల్ల తల మీద చల్లింది. చేపల కంపుతో చదువులకు వెళ్తారా ఎవరైనా, అంది. జూకా పడవను గిర్రున మలుపు తిప్పి, కావాలనే ఒక అల మీదికి ఎక్కించాడు. అందరం తడిశాం. దేలీ మాత్రం తన తల గుడ్డ బిగించుకుని, జూకాను తిట్టిపోసింది.

తైనారా లోపలికి వెళ్ళాక యూనివర్సిటీ గేటు బయట మెట్ల మీద కూర్చున్నాం, నేనూ, దేలీ. మాస్టారు అటూ ఇటూ పచార్లు. దేలీ దువ్వెన సంచిలోంచి తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టింది. వచ్చేపోయే పిల్లల తలలు చూస్తోంది. కొందరికి జడలు, కొందరికి గుండ్రటి బుట్టల్లా జుట్టు. ఎవరూ సాపు చేసుకోలేదు.

"నా బేరం పోయినట్టేనే," అంది చివరికి.

"పోయినా ఏం కాదు, నా కొట్లో కూర్చుందువుగాని."

"నీ కొట్లోనా? నీకు చిల్లర ఇవ్వడమే రాదు."

తైనారా బయటికొచ్చింది. తల ఆరి రెండింతలైంది. దేలీ లేచి నిలబడింది. ఎదురెళ్ళే ధైర్యం లేక అక్కడే నిలబడింది.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. కాగితం మీద రాసింది చదవమన్నారు. నేను నల్లమ్మాయిని అని చదివాను. ఫోటో తీశారు. చూశారు."

"తల నుంచి కాలిదాకానా?"

"కాదమ్మమ్మా. ముఖంలోకి చూశారు. కమిటీలో ఒకావిడ నీలాగే ఉంది. ఆవిడ నవ్వింది," అంది.

ఫలితం తర్వాతి ఆదివారంలోపే వచ్చింది. మాస్టారు నా కొట్టు ముందు స్కూటరు పడేసి, స్టాండు కూడా వేయకుండా, "అవునన్నారు!" అని అరిచారు. వీధి వీధంతా బయటికొచ్చింది. రోజిమేరి కబురందుకుని బజారు నుంచి అట్నుంచటే వచ్చింది. చేతిలో కూరగాయల సంచి ఉందన్న సంగతి మర్చిపోయి కూతుర్ని కావలించుకుంటే టమాటాలన్నీ చితికిపోయాయి. మా గోడకు గుడ్డ బ్యానరు కట్టాం. మా దగ్గర ఎవరికైనా యూనివర్సిటీ సీటొస్తే తల మీద పిండి, రంగు, గొట్టంతో నీళ్ళు పోయడం మామూలు. మా వీధికి ఆ మామూలు జరుపుకునే అదృష్టం ఎప్పుడో గాని పట్టదు, కాబట్టి అందరూ కసితీరా పోశారు. పిల్ల ఏ రంగో దేవుడికి కూడా తెలియకుండా పోయింది. ఆ కమిటీ ఇప్పుడు చూడాలి, అన్నాడు జూకా.

ఇలాంటప్పుడు దేలీ కిటికీలు మూసేసుకోవడం ఆనవాయితీ. ఎవరో పైకి చూసి, "ఈసారి కిటికీ తెరిచే ఉందిరోయ్," అన్నారు. గదిలో మాత్రం ఆవిడ లేదు. మెట్లు దిగి వస్తోంది. నీళ్ళ గొట్టం పట్టుకున్న రోసా గబుక్కున దాన్ని వెనక్కి తిప్పేసింది. ఆవిడ మీద ఒక్క చుక్క పడితే ఏమవుతుందో మాకందరికీ తెలుసు.

దేలీ నేరుగా నా దగ్గరికొచ్చి ఇనుప దువ్వెన నా చేతిలో పెట్టింది. తల గుడ్డ విప్పి, అదీ ఇచ్చింది. రేవు మెట్ల వైపు నడిచింది.

"అమ్మమ్మా! నీ తల!" అని అరిచింది తైనారా.

"నా తల సంగతి నాకు తెలుసులేవే."

బట్టలతోనే దిగింది. మోకాళ్ళదాకా, నడుందాకా. అక్కడ ఆగింది. మళ్ళీ వెనక్కొచ్చేస్తుందేమో అనుకున్నాను. ముక్కు పట్టుకుని ఒక్కసారిగా మునిగింది.

లేచేసరికి మేం ఎవరం చూడని దేలీ. పద్నాలుగేళ్ళప్పుడు ఆ జుట్టు చూశాను నేను, అప్పుడు నల్లగా ఉండేది. ఇప్పుడు తలచుట్టూ తెల్లగా, గుండ్రంగా, ఒత్తుగా, ఎండలో నీళ్ళు కారుతూ. రోజిమేరి ఏడుస్తోంది. తల్లి జుట్టు ఎలా ఉంటుందో ఆమె పుట్టాక ఇదే చూడ్డం.

"ఏమే బోడిగుండూ!" అని నీళ్ళల్లోంచే కేకేసింది దేలీ. "అలా గుడ్లప్పగించి చూస్తావేం? ఎలా ఉన్నాను?"

నా కళ్ళకు నీళ్ళడ్డుపడి ఏదీ సరిగా కనిపించి చావలేదు.

"చూడ్డానికి బాగున్నావే," అన్నాను.

"అది నాకూ తెలుసు," అని దేలీ రెండు చేతులతో నా మీదికి నీళ్ళు చిమ్మింది.